సున్నా తర్వాత చప్పుడు

సోమవారం నుంచి అందరూ ఆఫీసుకి రావాలని మెయిల్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఉద్యోగం పోయింది నాకు కాదు, మా అత్తగారికి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. అసలు ఆవిడ రెండేళ్లుగా మా ఆఫీసు పని చేస్తోందనే ఎవరికీ తెలియదు.

ముందు నా పనేమిటో చెప్పాలి. మందుపెట్టె కొంటే లోపల ఒక కాగితం మడతలు మడతలుగా ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. మేం చదువుతాం. మందుల కంపెనీ రాసిచ్చిన అసలు ప్రతిని ఒకరు గట్టిగా చదవాలి, అచ్చుకి వెళ్లబోయే ప్రూఫుని ఇంకొకరు కళ్లతో వెంబడించాలి. కామాతో సహా, ఫుల్‌స్టాప్‌తో సహా, ఏ అంకెకా అంకె విడివిడిగా. ఒకప్పుడు కంప్యూటర్‌తో చేయించి చూశారు. పట్టికల దగ్గరికొచ్చేసరికి అది చేతులెత్తేసింది. అందుకని ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని చదవాల్సిందేనని రూలు. కాగితం కింద రెండు గళ్లుంటాయి: చదివినవారు, చూసినవారు. రెండు గళ్లలోనూ సంతకాలు పడితేనే ప్రెస్సు కదులుతుంది. పదకొండేళ్లుగా నాది చూసే పని. అది తప్ప నాకు చేతనైన పని ఇంకోటి లేదు. ఉందని ఎవరైనా అంటే నన్ను ఓదార్చడానికి అంటున్నారనుకుంటాను.

నాకు చదివేవాడు మైకు. ఆ అబ్బాయి అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. గొంతు అలాంటిది. చదువుకునే గదుల గోడలకి చప్పుడు బయటికి పోకుండా దూది కుట్టిన గుడ్డ వేశారు గాని, మైకు చదువుతుంటే మూడు గదుల అవతలివాళ్లకి కూడా మూలవ్యాధి మందు మోతాదు తెలిసిపోయేది.

ఇంటి నుంచి పనిచెయ్యమని పంపేసినప్పుడు మొదటి నెల ఫోన్లోనే చదువుకున్నాం. మైకుకి అప్పుడే కవలలు పుట్టారు. ఒకళ్లు నిద్రపోతే ఒకళ్లు లేస్తారు, ఇద్దరూ లేస్తే ఫోను పడుకుంటుంది. ఒక లైను చదవడానికి మూడుసార్లు కలపాలి. నెల తిరిగేసరికి మైకే ఒక దారి చెప్పాడు.

“అక్కా, మీ ఇంట్లో చదివేవాళ్లెవరూ లేరా? నాకు మా ఆవిడ చదివిపెడుతుంది. నీ కాగితాల మీద చదివినవారు గళ్లో నా సంతకం వేసెయ్. నా వాటి మీద నీది నేను వేసుకుంటా. పని ఆగకుండా ఉంటుంది.”

అచ్చయ్యేలోపు ఆ కాగితాలు బయటివాళ్ల కంట పడకూడదని మేం ఉద్యోగంలో చేరినరోజే రాసిచ్చాం. అది ఇద్దరికీ గుర్తుంది. అయినా సరేనన్నాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు. పని పేరుకుపోతోంది, సరేనన్నాను.

మా ఆయన హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆ మెషీన్ సంచిలో వేసుకొచ్చేది కాదు కాబట్టి ఆయన రోజూ డ్యూటీకి వెళ్లాల్సిందే. ఇంట్లో మిగిలింది నేనూ, అత్తయ్యా.

అత్తయ్య ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు. కానీ చదవడంలో ఆవిడకి పదకొండేళ్ల అనుభవం ఉంది, సరిగ్గా నాకున్నంత. మామయ్యగారికి చూపు పోయాక పేపరు మొత్తం ఆవిడే చదివి వినిపించేది. వార్తలు, ప్రకటనలు, ఇల్లు అద్దెకి కావలెను, అన్నీ. ఆయన కాస్త చాదస్తం మనిషి. “ఆగిందా, అయిపోయిందా?” అని ప్రతి వాక్యానికీ అడిగేవాడట. ఆ ప్రశ్న వినలేక ఆవిడ బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. కామాకి ఒక దెబ్బ, ఫుల్‌స్టాప్‌కి రెండు. అంకెల మధ్య పాయింటు వస్తే చెంచాతో స్టీలు గ్లాసు మీద ఒక్కటి, టంగుమని. ఆయన పోయాక నాలుగేళ్లు ఆ చెంచా ఊరికే ఉంది.

మొదటిరోజు ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్లజోడు తుడుచుకుని, పక్కన గ్లాసూ చెంచా పెట్టుకుని చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మూడోరోజుకి నవ్వు పోయింది. వారం తిరిగేసరికి ఆ టంగు వినబడకపోతే నా కన్ను ముందుకి కదలడం మానేసింది. ఆవిడ మాట తడబడదు, తొందరపడదు, అర్థం కాని మందు పేరుని అక్షరం అక్షరం విడదీసి చదువుతుంది. రెండేళ్ల రెండు నెలల్లో ఆరువందల పద్నాలుగు కాగితాలు అలా పూర్తిచేశాం. ఒక్కటి వెనక్కి రాలేదు. ఆఫీసులో నాకు ‘సున్నా తప్పులు’ అనే శీర్షిక కింద మెచ్చుకోలు మెయిల్ పంపారు. దాన్ని అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ రెండు దెబ్బలు కొట్టి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

సోమవారం ఆఫీసుకి వెళ్లేసరికి గుర్తింపు కార్డు గేటు దగ్గర పనిచెయ్యలేదు. నా ఒక్కదానిదే కాదు, ఎవరిదీ పనిచెయ్యలేదు. అందరం గేటు ముందు పెళ్లికి తొందరపడి వచ్చిన చుట్టాల్లా నిలబడ్డాం. లోపలికి వెళ్లాక చూస్తే గోడ క్యాలెండరు రెండేళ్ల కిందటి నెల దగ్గరే ఆగిపోయి ఉంది. నా సొరుగులో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ ఉంది, దాని చివర నేనే పెట్టిన క్లిప్పు ఉంది. కిటికీలో మొక్కలన్నీ ఎండిపోయాయి, ప్లాస్టిక్ మొక్క మాత్రం నిక్షేపంగా ఉంది. నా చెప్పు అడుగు సగం దారిలోనే ఊడిపోయింది. రెండేళ్లు అలమారాలో ఊరికే ఉన్నందుకు జిగురు ఎండిపోయిందని సెక్యూరిటీ అతను చెప్పాడు. పొద్దుట్నుంచీ అతను చూసిన ఆరో చెప్పు అట అది.

మా సూపర్‌వైజర్‌ని మేం తాళాలావిడ అంటాం, ఎదురుగా కాదు. అసలు ప్రతులుండే బీరువాల తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉంటాయి. ఆవిడ వస్తోందంటే నడవా మొదట్లోనే తెలిసిపోతుంది. మనిషి కటువు గాని అన్యాయం చెయ్యదు. ఆవిడ మా ఇద్దరికీ ఒక గది చూపించి, “బాగా చిక్కిపోయావ్” అని నాతోనూ, “బాగా లావయ్యావ్” అని మైకుతోనూ అని వెళ్లిపోయింది.

మైకు ఎదురుగా కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత చూడటం. అంత గొంతున్నవాడు గొణుగుతున్నట్టు చదవడం మొదలుపెట్టాడు.

“ఏమైందిరా నీ గొంతుకి? పైకి చదువు.”

“పిల్లలు లేస్తారని అలవాటైపోయిందక్కా.”

“ఇక్కడ పిల్లలెవరూ లేరు. నేనే ఉన్నాను.”

నవ్వి, కాస్త పెంచాడు. ఆరోజు నాలుగు చదివాం. మూడు పెద్దవాళ్ల మందులు. నాలుగోది పసిపిల్లల జ్వరానికి వేసే చుక్కల మందు. నా చెవులు చెంచా చప్పుడు కోసం వెతుక్కుంటూనే ఉన్నాయి, ఆ సంగతి నాకు తెలియలేదు. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండేళ్ల తర్వాత మొదటిసారి మా సంతకాలు మేమే పెట్టుకున్నాం అని మైకు జోక్ వేశాడు, ఇద్దరం నవ్వుకున్నాం.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తయ్య బల్ల దగ్గరే కూర్చుని ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఉంది. ఎదురుగా ఏ కాగితమూ లేదు. గ్లాసూ, చెంచా మాత్రం ఉన్నాయి. రోజంతా ఏం చేశారని అడిగాను.

“ఏముందమ్మాయ్, అలమారాలు సర్దాను. మధ్యాహ్నం పేపరు చదివాను. మనసులో చదువుకుంటే పది నిమిషాల్లో అయిపోయింది.”

నాకు జాలేసింది. జాలిపడి ఊరుకోకుండా ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. మర్నాటికి కాళ్లు ఎలా నొప్పెడతాయో చెప్పాను, గేటు సంగతి చెప్పాను, చెప్పు సంగతి చెప్పాను. ఆవిడకి అవేవీ పట్టలేదు.

“ఇవాళ ఏం చదివారు?” అంది.

చెప్పకూడదు. కానీ ఆరువందల పద్నాలుగు చదివిన మనిషికి ఆరువందల పదిహేనోది చెప్పకూడదని ఎలా అంటాను? “పసిపిల్లల చుక్కల మందు,” అన్నాను. పట్టిక ఇంకా కళ్లముందే ఉంది. అలవాటుగా వల్లించాను. “మూడు నెలల లోపు, కామా, సున్నా ఐదు ఎం.ఎల్., కామా, రోజుకి మూడుసార్లు, ఫుల్‌స్టాప్.”

ఆవిడ నాతోపాటు కొడుతోంది. ఒక దెబ్బ. తర్వాత చెంచా పైకి లేచి గాల్లోనే ఆగిపోయింది.

“సున్నా తర్వాత చెప్పలేదేం?” అంది.

“అక్కడేం లేదత్తయ్యా. ఆ కంపెనీ అంకెలన్నీ రెండేసి వేస్తుంది. సున్నా ఐదు, ఒకటి సున్నా, అలాగ.”

“ఐదు ఎం.ఎల్. అంటే ఈ చెంచాడు కదూ?”

“ఆ.”

ఆవిడ చెంచా వైపు చూసింది, నా వైపు చూసింది. “మూడు నెలల బిడ్డకి చెంచాడు ఎలా పోస్తారమ్మాయ్? చుక్కల మందన్నావు కదా?”

ఒక్క క్షణం మైకు గొంతుని మళ్లీ వినడానికి ప్రయత్నించాను. సున్నా అన్నాడు. కాసేపు ఆగాడు. ఐదు అన్నాడు. ఆ ఆగినప్పుడు నేనేం చేశాను? చప్పుడు రాలేదు కాబట్టి అక్కడేమీ లేదనుకుని టిక్కు పెట్టాను. నా కాగితం మీద సున్నా ఐదు అనే ఉంది.

మైకుకి ఫోన్ చేశాను. వెనకాల ఒక బిడ్డ ఏడుస్తోంది.

“సున్నా తర్వాత ఏముందిరా, అసలు ప్రతిలో?”

“ఏ సున్నా?”

“చుక్కల మందు. మూడు నెలల లోపు.”

“పాయింటు ఉందక్కా. సున్నా పాయింటు ఐదు.”

“నువ్వు పాయింటు అనలేదు.”

“నొక్కాను కదా.”

“ఏం నొక్కావు?”

అప్పుడు చెప్పాడు. ఒంటిగది ఇల్లు, పక్కనే ఉయ్యాల. పాయింటు అన్నప్పుడల్లా ‘పా’ దగ్గర పెదాలు టప్పుమని పిల్లలు ఉలిక్కిపడుతున్నారని, వాళ్లావిడా వాడూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాయింటు వస్తే చదివేవాళ్లు చూసేవాళ్ల మోచేతిని వేలితో నొక్కాలి. రెండేళ్లు అలాగే చేశారు. ఆఫీసులో నా మోచెయ్యి నొక్కితే బాగుండదని బల్లని నొక్కాడు.

“మిగతా మూడు కాగితాల్లో?”

“వాటిల్లో పాయింట్లు లేవక్కా. చూశాను. ఇప్పుడే మనసులో చూశాను.” “అక్కా, ఎవరికీ చెప్పొద్దు. పొద్దున్నే ప్రెస్సుకి నేను వెళ్తా. చిన్న సవరణ అని చెప్పి మార్పించేస్తా.”

“తాళాలావిడ సంతకం లేకుండా వాళ్లు కామా కూడా మార్చరు, నీకు తెలీదా?”

తెలుసు వాడికి. ఊరికే అన్నాడు. ప్రెస్సు ఉదయం ఎనిమిదింటికి మొదలవుతుంది. అప్పటికి సాయంత్రం ఆరున్నర. చెబితే ఎందుకు జరిగిందని అడుగుతుంది ఆవిడ. ఎందుకో చెబితే రెండేళ్ల గుట్టూ బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎక్కడో ఎవరో ఒక తల్లి చెంచా నిండా పోస్తుంది. ఇందులో ఆలోచించడానికేమీ లేదని ఇప్పుడు రాస్తున్నాను గాని, ఆ సాయంత్రం పావుగంట ఆలోచించాను. ఆ పావుగంట గురించి నాకు సిగ్గుగా ఉంది.

అత్తయ్య ఫోను నా ముందుకి జరిపింది. తాళాలావిడకి కలిపాను.

*

తాళాలావిడ పాయింటు ఎలా తప్పిపోయిందో విని, ముందు ప్రెస్సుకి ఫోన్ చేసి అచ్చు ఆపించింది. ఆ తర్వాతే నన్ను తిట్టింది. మర్నాడు పొద్దున్న ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి తలుపేసింది.

“చప్పుడు కోసం ఎదురుచూశానన్నావు. ఎవరి చప్పుడు?”

చెప్పాను. అత్తయ్య గురించి, గ్లాసు గురించి, సంతకాల గురించి. మైకు కూడా వాళ్లావిడ గురించి చెప్పాడు. ఆవిడ ఒక్కో మాటకీ తాళంచెవుల గుత్తిలో ఒక్కో చెవిని పక్కకి జరుపుతూ విన్నది. చెవులన్నీ అయిపోయాక మళ్లీ మొదట్నుంచి జరిపింది.

“ఆరువందల పద్నాలుగు,” అంది. “నీవెన్నిరా?”

“ఐదువందల తొంభై, మేడమ్.”

“మీరిద్దరూ కలిసి నా తల తీసి గేటుకి కట్టారు.”

మూడురోజులు పైవాళ్లతో మాట్లాడింది. నాలుగోరోజు ఒక దారి తెచ్చింది. ఎవరు నిజంగా చదివారో వాళ్లు ఆఫీసుకి వచ్చి, ఈ కాగితాలన్నీ నేనే చదివాను, ఏమీ విడిచిపెట్టలేదు అని ఒక పత్రం మీద సంతకం చెయ్యాలి. అప్పుడు రికార్డు సరిపోతుంది. మాకు ఒక హెచ్చరిక లేఖ ఇచ్చి వదిలేస్తారు. ఆ దారి తేవడానికి ఆవిడ ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

మైకు భార్య ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఒక బిడ్డ చంకలో, ఒక బిడ్డ మైకు చంకలో. నిలబడే సంతకం పెట్టి, పెన్ను బిడ్డ చేతిలోంచి లాక్కుని తిరిగిచ్చి, పది నిమిషాల్లో వెళ్లిపోయింది.

అత్తయ్య మర్నాడు వచ్చింది. బీరువా అడుగునుంచి మంచి చీర తీసి కట్టుకుంది. గేటు దగ్గర సందర్శకుల కార్డు మెడలో వేస్తే దాన్ని సరిచేసుకుంది. చేతిసంచి బరువుగా ఉంటే ఏముందని అడిగాను. గ్లాసూ, చెంచా.

తాళాలావిడ లేచి నిలబడి ఆవిడకి కుర్చీ చూపించింది. పత్రం ముందు పెట్టింది. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది, పైకి కాదు, పెదాలు కదుపుతూ. తర్వాత పెన్ను పక్కన పెట్టేసింది.

“ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా?”

“ఏవండీ?”

“నేను చదివిన కాగితాలు.”

“బీరువాల్లో ఉన్నాయి. మీరు సంతకం పెడితే చాలు.”

“రెండేళ్ల కిందటివమ్మా. ఏమీ విడిచిపెట్టలేదని ఇందులో ఉంది. అది నాకెలా గుర్తుంటుంది? మళ్లీ చదవకుండా ఎలా పెట్టను?”

నాకు ఒళ్లు మండిపోయింది. బల్లకింద ఆవిడ చీరకొంగు పట్టి లాగాను కూడా. అత్తయ్య కొంగు విడిపించుకుంది. నా ఉద్యోగం ఒక్క సంతకం దూరంలో ఉంది, ఆవిడ దాన్ని ఆరువందల పద్నాలుగు కాగితాల దూరానికి తీసుకుపోతోంది. ఆ క్షణంలో ఆవిడంటే నాకు అసహ్యం వేసిందంటే అబద్ధం కాదు.

తాళాలావిడ చాలాసేపు ఆవిడనే చూసింది. “చదవొచ్చు,” అంది చివరికి. “నేను కూర్చుని చూస్తాను. కానీ ఒక మాట వినండి. ఈ సంతకమైతే ఇక్కడితో అయిపోతుంది. చదవడం మొదలుపెడితే నేను పైవాళ్లకి రాసివ్వాలి. అందులో ఒక్క తప్పు దొరికినా మీ కోడలి ఉద్యోగం నా చేతుల్లో ఉండదు.”

“తప్పులుండవు,” అంది అత్తయ్య. నా వైపు చూసి నవ్వింది. “మనం బాగా చేశాం కదమ్మాయ్?”

చదవడం అయ్యేదాకా నన్ను ఇంట్లో ఉండమన్నారు. పెట్టె సర్దుకోనక్కర్లేదని, సొరుగు ఖాళీ చెయ్యనక్కర్లేదని తాళాలావిడ చెప్పింది. ఆ సొరుగులో ఉన్నది బిస్కెట్ ప్యాకెట్ ఒక్కటే.

*

ఆ తర్వాత నాలుగు వారాల పైన మా ఇంట్లో పద్ధతి ఇది. ఎనిమిదింటికి మా ఆయన హాస్పిటల్‌కి వెళ్తాడు. ఎనిమిదిన్నరకి అత్తయ్య ఆఫీసుకి వెళ్తుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి డబ్బా అందిస్తాను. సాయంత్రం ఆవిడ వచ్చి కాళ్లు కడుక్కుని ఎన్ని అయ్యాయో చెబుతుంది. రోజుకి పంతొమ్మిది, ఇరవై. లిఫ్టులో ఎక్కడానికి మొదట భయపడింది, వారానికి అలవాటు పడింది. కాఫీ మెషీన్లో మూడో మీట నొక్కితే బాగుంటుందని ఆవిడే నాకు చెప్పింది, పదకొండేళ్లుగా రెండోది నొక్కుతున్న నాకు. మైకుకి హెచ్చరిక లేఖ ఇచ్చి పనిలోకి తీసుకున్నారు. వాడు మధ్యాహ్నాలు ఆవిడతో కూర్చుని తింటున్నాడట. పాయింటు అనే మాట ఇప్పుడు భవనం అదిరేలా అంటున్నాడట.

నేను అలమారాలు సర్దాను. పేపరు చదివాను. మనసులో చదువుకుంటే నిజంగానే పది నిమిషాల్లో అయిపోతోంది. అత్తయ్య మొదటిరోజు చెప్పినప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

రెండువందలు దాటాయి. మూడువందలు దాటాయి. ఒక్క తప్పూ లేదు. ఆవిడ మీద కోపం కాస్త కాస్తగా తగ్గింది. నాలుగువందలు దాటేసరికి ఆఫీసు చెప్పులు బాగుచేయించుకొచ్చి తలుపు పక్కన పెట్టుకున్నాను.

ఆ గురువారం అత్తయ్య మామూలుకంటే ముందే వచ్చింది. కాళ్లు కడుక్కోలేదు. సంచి భుజాన్నుంచి దించకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

“నాలుగువందల ముప్ఫై ఒకటి,” అంది.

“ఇవాళ పద్దెనిమిదేనా?”

“ఒకటి దొరికిందమ్మాయ్.”

నేను నిలబడే ఉన్నాను. అలాగే నిలబడి విన్నాను.

కళ్లలో వేసుకునే మందు. సీసా మూత తీశాక ముప్ఫై రోజుల్లో వాడెయ్యాలని అసలు ప్రతిలో ఉంది. అచ్చయిన కాగితంలో అరవై అని ఉంది. అత్తయ్య మూడు, సున్నా అని చదివింది. ఎదురుగా తాళాలావిడ పెన్ను ఆగింది. తలెత్తి, తలుపు వేసుందో లేదో చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది, “అమ్మా, మళ్లీ ఒకసారి చూసి చదవండి. కళ్లు అలిసిపోయుంటాయి. ఆరు, సున్నా కదూ?”

“అలా అడిగింది,” అంది అత్తయ్య. “రెండుసార్లు అడిగింది. నాకు అర్థమైంది. నా కాగితం మీద మూడే ఉంది.”

“మీరేమన్నారు?”

“మూడు, సున్నా అన్నాను. తర్వాత ఫుల్‌స్టాప్ ఉంది. రెండు దెబ్బలు కొట్టాను.”

ఆ కాగితం తారీకు ఏదని అడిగాను. ఆవిడ చెప్పింది. చెప్పనక్కర్లేకుండానే నాకు తెలుసనిపించింది. ముందుగది కర్టెన్లు మార్చే విషయంలో ఇద్దరం పోట్లాడుకున్న వారం అది. రెండురోజులు మాటల్లేవు. పని మాత్రం ఆపలేదు. ఆవిడ మూతి బిగించుకుని అంకెలు చదివింది, నేను కాగితం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ టిక్కులు పెట్టాను. ఆకుపచ్చ కర్టెన్లు వద్దని నేనన్నాను. ఇప్పుడవి కిటికీకి ఉన్నాయి, ఆకుపచ్చవే.

“చదివింది సరిగ్గానే చదివాను,” అంది అత్తయ్య. ఆ మాట అనడం ఆవిడకి ఇష్టం లేదు, అనకుండా ఉండటం చేతకాలేదు.

“చూసింది నేను కదత్తయ్యా.”

“ఆ కంపెనీకి ఫోన్ చేసి చెప్పిందమ్మా ఆవిడ. కొత్త కాగితాలు వేస్తారట. సీసాలు వెనక్కి తెప్పిస్తారట.” ఆగింది. “నీ సంగతి రేపు మెయిల్ వస్తుందంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను మాత్రం ఏడవలేదు, అక్కడ ఏడవకూడదనిపించింది.”

అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కోపం కోసం వెతికాను, ఉంటుందనుకున్నాను. ఆ పావుగంటలో ఫోను నా ముందుకి జరిపింది ఈవిడే. అప్పుడు నేను చెప్పాను, ఇప్పుడు ఆవిడ చెప్పింది. ఇద్దరిలో ఎవరు తప్పు చేశామో నాకు తెలియలేదు. పదకొండేళ్ల ఉద్యోగం పోయింది, అది మాత్రం తెలిసింది. తలుపు పక్కన బాగుచేయించిన చెప్పులు కనబడుతున్నాయి.

కొంతసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. “రేపట్నుంచి నేను వెళ్లను,” అంది. “ఇంక దేనికి? నీ పనే లేనప్పుడు.”

“మిగిలినవి ఎవరు చదువుతారు?”

“ఎవరో ఒకరు.”

“చూసింది నేను. ఆ వారం ఇంకెన్ని టిక్కులు కిటికీ వైపు చూస్తూ పెట్టానో నాకు తెలీదు.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది.

“ఇంకా నూట ఎనభై మూడు ఉన్నాయత్తయ్యా,” అన్నాను.

నేను ఆవిడ భుజాన్నుంచి సంచి తీసి, డబ్బా బయటపెట్టి కడిగాను. గ్లాసూ చెంచా కూడా కడిగి, తుడిచి, పొద్దున మర్చిపోకుండా మళ్లీ సంచిలో పెట్టాను.